ఎవరి కుర్చీ అయినా

మా పెళ్ళయిన వేసవిలో నేను రెండే రెండు పనులు చేశాను. సంతోషపడ్డాను, భయపడ్డాను. చాలా రోజులు ఆ రెండూ ఒకే గంటలో చేశాను.

సంతోషానికి అప్పట్లో పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఇద్దరికీ ఒకే షిఫ్టు పడితే సంతోషం. మేడమీద గదిలో కుళాయి తిప్పగానే దగ్గకుండా నీళ్ళొస్తే సంతోషం. మా ఆయన నా దువ్వెనతో తల దువ్వుకుని, అదెక్కడ పెట్టాడో మరిచిపోయి, మంచం కింద దూరి వెతికి, చివరికి సొంత జేబులోంచి తీస్తే ఆ పూటంతా సంతోషం. మా నవ్వులకి కింది నుంచి నాన్న కేకేసేవాడు.

"ఏం జరుగుతోందర్రా పైన? చెబితే నేనూ నవ్వుతాగా!"

నాన్న కింది గదిలో సూట్‌కేసులు బాగుచేస్తాడు. విమానాశ్రయానికి దగ్గరి వీధి కాబట్టి విరిగిన చక్రాలకీ తెగిన జిప్పులకీ మా ఇంట్లో కరువు లేదు.

నేను విమానాశ్రయం తనిఖీ విభాగంలో పనిచేస్తాను. ఆడ ప్రయాణికులని తడిమి చూడటం, అనుమానం వచ్చిన సంచులు విప్పించడం నా పని. డిగ్రీ చదివి ఈ ఉద్యోగమేంటే అన్న చుట్టాలున్నారు. నాకు మాత్రం ఇష్టం. చేతులు చల్లగా ఉంటే ఎదుటి మనిషి ఉలిక్కిపడుతుందని అరచేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకున్నాకే ముట్టుకునేదాన్ని. మా ఆయన అక్కడే చక్రాల కుర్చీలు తోస్తాడు. నడవలేని వాళ్ళని వాకిట్లో కూర్చోబెట్టుకుని విమానం తలుపు దాకా చేర్చడం అతని ఉద్యోగం. అందరూ అతన్ని చక్రం అంటారు. నేనూ అంతే.

సిబ్బంది అయినా సరే, కుర్చీ తెచ్చిన ప్రతిసారీ తనిఖీ దాటాల్సిందే. బెల్టు తీసి ట్రేలో పెట్టడం, దాటడం, మళ్ళీ పెట్టుకోవడం. "ఈ బెల్టు నా నడుము కోసం కొనలేదండీ, మీ ట్రే కోసం కొన్నాను" అన్నాడొకరోజు. నాకు నవ్వొచ్చింది. అంతే, నా పని అయిపోయింది.

చక్రం వాళ్ళది సరిహద్దు అవతల. మాట మాదే, తిట్లు కూడా మావే. పాస్‌పోర్టు ఒక్కటే వేరు. ఈ దేశంలో ఉండటానికి అతనికున్న ఆధారం ఆ ఉద్యోగం, ఉద్యోగానికి ఆధారం మెడలో వేలాడే పాస్. భార్యగా నేను పెట్టిన అర్జీ ఇంకా ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు. పాస్ పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మా ఆయన అవతలికి వెళ్ళిపోవాలి. ఈ సంగతి పెళ్ళికి ముందే తెలుసు. కానీ అది ఎక్కడో తుపాను వస్తోందని రేడియోలో చెప్పినట్టు ఉండేది. వినేదాన్ని, మళ్ళీ దువ్వెన వెతుక్కునేదాన్ని.

సెలవుల రద్దీ మొదలైన వారంలోనే ఇంకో నగరంలో, విమానం ఎక్కబోతున్న ఒకతని సంచిలో బాంబు దొరికింది. పేలలేదు. అతని పాస్‌పోర్టు అవతలి దేశానిది.

నాన్న దుకాణంలో టీవీ ముందు ముగ్గురం నిలబడ్డాం. అతని ఫొటో వేశారు. మామూలు మనిషి, కొంచెం బట్టతల. చక్రం చాలాసేపు ఆ ఫొటోనే చూశాడు.

"ఎవడ్రా బాబూ నువ్వు" అన్నాడు చివరికి, టీవీతోనే. "నా కొంప ముంచావు కదరా."

*

మర్నాడు షిఫ్టుకి ముందు సూపర్‌వైజర్ మమ్మల్నందరినీ నిలబెట్టాడు. మంచివాడే. ఎవరికైనా ఒంట్లో బాలేదంటే తనే స్కానర్ ముందు కూర్చునే మనిషి.

"ఇవాళ్టి నుంచి రెండు వరసలు" అన్నాడు. "అవతలి దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు రెండో వరసలోకి. ప్రతి సంచీ విప్పాలి, చెప్పులు తీయించాలి, గదిలోకి తీసుకెళ్ళి పూర్తిగా చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి. మిగతావాళ్ళు మొదటి వరసలో ఎప్పట్లాగే, ఇంకొంచెం తొందరగా."

మా వాళ్ళలో ఒకావిడ ఉంది, గలగలక్క అంటాం. ఆవిడ నోరు స్కానర్ బెల్టు కంటే ఎక్కువ తిరుగుతుంది. "అయితే సార్, ఇకముందు బాంబు తెచ్చేవాడు కూడా ఆ దేశం వాడే అయ్యుండాలని ఆ తెచ్చేవాళ్ళకి కబురు పెట్టారా?" అంది.

అందరూ నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు.

"అక్కా, నీకు తెలుసు. ఈ సెలవుల్లో రోజూ మన ముందు నుంచి ఒక ఊరికి ఊరే నడిచిపోతుంది. అందరి సంచులూ విప్పించడానికి నా దగ్గర మనుషుల్లేరు. ఉన్న చేతుల్ని ఎక్కడ పెట్టాలన్నదే నా బాధ. దొరికినవాడు ఆ దేశం వాడు. అక్కడ పెట్టమన్నారు, పెడుతున్నాను. నాకేం సరదా కాదు."

"సిబ్బంది సంగతేంటి సార్?" అన్నాను.

"పాస్‌పోర్టు పాస్‌పోర్టే అమ్మాయ్" అన్నాడు నా వైపు చూడకుండా. "నీ మొగుడికి నువ్వే నచ్చజెప్పు. వాడు మంచివాడని నాకు తెలుసు. కానీ రూల్లో మంచివాళ్ళకో గీత, చెడ్డవాళ్ళకో గీత గియ్యలేదుగా."

తనిఖీ చేసే ఆడవాళ్ళలో సగానికి పైగా మందిని రెండో వరసకి మార్చారు. నన్నూ మార్చారు. అద్దాల గది, ఒక బల్ల, ఒక కుర్చీ, తలుపుకి తెర. అద్దంలోంచి మొదటి వరసంతా కనబడేది. అక్కడ పిల్లలు ట్రేలతో ఆడుకుంటూ దాటిపోయేవాళ్ళు. నా గదిలో మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఒక రోజు నా ఈడు అమ్మాయి వచ్చింది. కొత్త సూట్‌కేసు, కొత్త చెప్పులు, లేబుల్ కూడా తియ్యని కొత్త చొక్కాలు రెండు, ఆడదొకటి, మగదొకటి, ఒకే రంగువి. చూడగానే తెలిసిపోయింది. నాకు ఒళ్ళు పులకరించి "కొత్తగా పెళ్ళయిందా?" అని అడిగేశాను.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "ఎందుకడుగుతున్నారు? అది కూడా చెప్పాలా?" అంది.

"అయ్యో కాదండీ, ఊరికే. నాకూ ఈమధ్యే..."

ఆమె నా మాట నమ్మలేదు. ఇంకా ఏమైనా విప్పాలా అని మాత్రం అడిగింది. ఆ గదిలో నేనేం అడిగినా అది ప్రశ్నే, ముచ్చట కాదు. ఆ రోజు అరచేతులు ఎంత రుద్దుకున్నా వెచ్చబడలేదు.

*

చక్రాల కుర్చీ మెటల్ డిటెక్టర్ కిందనుంచి పోదు. ఇనుము కాబట్టి ఎటూ కూస్తుంది. అందుకని పక్కనున్న చిన్న గేటులోంచి తీసుకెళ్ళి, కూర్చున్నవాళ్ళని చేత్తో తడిమి, కుర్చీ మీది కుషన్ ఎత్తి కింద చూడాలి. ఇది మా పాత పద్ధతి. కానీ ఆ పని చేసే ఆడవాళ్ళం రెండో వరసకి పోయాక, మొదటి వరసలో కుషన్లు ఎత్తేవాళ్ళు లేకపోయారు. గలగలక్క ఒక చేత్తో ట్రేలు లాగుతూ, ఇంకో చేత్తో కుర్చీని గేటులోంచి అవతలికి తోసేసేది. పాపం, ఆవిడకి మాత్రం ఎన్ని చేతులు.

కూర్చున్నవాళ్ళది మన పాస్‌పోర్టు అయితే వాళ్ళు మొదటి వరస. తోసే చక్రం రెండో వరస. ముసలాయనో ముసలావిడో అవతల ఒంటరిగా కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూ ఉండేవాళ్ళు. ఇవతల చక్రం చెప్పులు విప్పి, జేబులు బోర్లించి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు బారజాపి నిలబడేవాడు. మగవాళ్ళ గది నా గది పక్కనే. కుర్చీ తెచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. మొదట్లో నన్ను చూసి కన్నుకొట్టేవాడు. తరవాత్తరవాత కొట్టడం మానేశాడు.

నాకు ఒక భయం పట్టుకుంది. ఎవడైనా ఆ కుర్చీలో ఏదైనా పెడితే? కూర్చున్నవాళ్ళని ఎవరూ చూడటం లేదు, కుషన్ ఎవరూ ఎత్తడం లేదు. తోసేది మా ఆయన. ఏదన్నా దొరికితే ముందు ఎవరి మెడ పట్టుకుంటారు? ఆ ఆలోచన వచ్చాక ఇక నిలవలేకపోయాను. నా ముందున్న మనిషిని తడుముతూనే అద్దంలోంచి చక్రం తెచ్చిన ప్రతి కుర్చీనీ కళ్ళతో వెతికేదాన్ని. మిగతా కుర్చీలు ఎవరు తోస్తున్నారో, ఎవరు కూర్చున్నారో నాకు కనబడేవే కావు.

ఒక ఆదివారం ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు నాన్న అన్నాడు. "నా మాట విని కొన్నాళ్ళు సెలవు పెట్టు అల్లుడూ. గొడవ సద్దుమణిగాక వెళ్దువుగాని."

"సెలవు పెడితే ఎందుకు పెట్టానో అడుగుతారు మామయ్యా. ఇప్పుడు నేను తుమ్మినా అడిగే రోజులు."

"అడిగితే చెప్పు. తప్పేముంది? చూడనీ. నువ్వు ఏమీ దాచనప్పుడు నీకేంటి?"

"మీకు తెలుసు కదా మామయ్యా నేనేమీ దాచలేదని?"

"నాకు తెలుసయ్యా! వాళ్ళకెలా తెలుస్తుంది? ఉన్నమాట చెబుతున్నాను, ఏమీ అనుకోకు. ఆ విమానంలో నా కూతురు ఎక్కుతోందనుకో. నేనైనా ఆ దేశం వాళ్ళని ఇంకో నాలుగుసార్లు చూడమంటాను. తండ్రి గుండె అలాంటిది."

చక్రం మెతుకులు కెలికాడు. "మీ అమ్మాయి రోజూ నా పక్కన పడుకుంటోంది మామయ్యా" అన్నాడు నెమ్మదిగా. "మరి దానికేమంటారు?"

నాన్న దగ్గి నీళ్ళు తాగాడు. నేను నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు కాబట్టి మానుకున్నాను.

తరవాత కొద్దిరోజులకి నాకు వారపు సెలవు, అతనికి డ్యూటీ. సాయంత్రం మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వినగానే ఎదురు పరిగెత్తాను. ఆ అడుగులు నాకు ఎంత ఇష్టమో చెబితే నవ్వుతారు. తలుపు తీసి, రెండు చేతులూ చాచి, అతని మీదికి వెళ్ళాను. చక్రం గుమ్మంలో ఆగిపోయాడు. సంచి కింద పెట్టాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ బారజాపి, మొహం కొంచెం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు.

ఒక్క క్షణమే. వెంటనే అతనికి తెలిసింది ఎక్కడున్నాడో. "ఛ" అన్నాడు. నేను గట్టిగా నవ్వి అతన్ని వాటేసుకున్నాను. అతనూ నవ్వాడు. మెట్ల కింద నాన్న, చేతిలో ఎవరిదో సూట్‌కేసు చక్రం పట్టుకుని, పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి దుకాణంలో టీవీ పెట్టలేదు. చెడిపోయిందన్నాడు. బాగుచెయ్యవేం అంటే, నాకు సూట్‌కేసులే వచ్చు అన్నాడు.

*

ఆ మధ్యాహ్నం హాలు కిక్కిరిసి ఉంది. నేను నా గది తలుపు దగ్గర ఒకావిడ సంచి సర్ది ఇస్తున్నాను. చక్రం కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. కుర్చీలో నెరిసిన జుట్టు పెద్దావిడ, మందపాటి కళ్ళజోడు, ఒళ్ళో చేతిసంచి. మన పాస్‌పోర్టే. గలగలక్క ఒక్క చూపు చూసి "రండి అమ్మమ్మగారూ, మీకేంటి, మీరు మహారాణి" అంటూ కుర్చీ అందుకుంది. చక్రం ఎవరూ చెప్పకుండానే బెల్టు విప్పుకుంటూ రెండో వరసలోకి తిరిగాడు.

పెద్దావిడ కొంచెం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. మా కుర్చీల కుషన్లు నాకు తెలుసు. నలిగి నలిగి అట్టముక్కల్లా అయిపోయాయి. దీనికి ఒక పక్క ఎత్తుగా ఉంది.

ఆపితే అది నా మొగుడు తెచ్చిన కుర్చీ. ఆపకపోతే ముందున్నది విమానం. ఆవిడ నడుం నొప్పితో అలా కూర్చుందేమో అనుకున్నాను. అలాగే అయ్యుండాలని కోరుకున్నాను. గలగలక్క కుర్చీని గేటు దాటించింది. ఇంకో నాలుగడుగులు వేస్తే అవతలి మనిషి అందుకుంటాడు, ఇక నాకేమీ సంబంధం లేదు. నా చేతిలో ఎవరిదో సంచి ఉంది. దాన్ని ఎప్పుడు కింద పెట్టానో గుర్తులేదు.

"అక్కా, ఆ కుర్చీ ఆపు!"

హాలులో సగం మంది తిరిగి చూశారు. చక్రం కూడా చూశాడు, ఒక చేతిలో బెల్టుతో.

నేను వెళ్ళి పెద్దావిడ ముందు వంగాను. "కాస్త ముందుకి వంగండి అమ్మమ్మగారూ." ఆవిడ ఏమీ అడగకుండా వంగింది. కుషన్ కింద చెయ్యి పెట్టాను. గట్టిగా, పలకలా, టేపు చుట్టినదేదో తగిలింది. టేపు చివర ఒక తీగ.

మాకు నేర్పిన పద్ధతి ఇదీ: అలాంటిది తగిలితే లాగకూడదు, వదలకూడదు. చెయ్యి అక్కడే, అలాగే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తాలి. ఎత్తాను.

భద్రతా మనుషులు నలుగురు పరిగెత్తుకొచ్చారు. నా వైపు కాదు. పెద్దావిడ వైపు అంతకన్నా కాదు. చక్రం మీదికి వెళ్ళారు. ఒకడు మెడ పట్టుకున్నాడు, ఒకడు మోకాలి వెనక తన్నాడు. చక్రం బోర్లా పడ్డాడు. మొహం నేలకి తగిలిన చప్పుడు నాకు వినబడింది. వీపు మీద మోకాలు పెట్టి చేతులు వెనక్కి విరిచారు. చెంప నేలకి ఆనించి నా వైపే చూస్తున్నాడు. పెదవి చిట్లి రక్తం వస్తోంది.

నేను కదలకూడదు. నా చెయ్యి కుషన్ కింద ఉంది. "ఆయన కాదు, ఆయన నా..." అన్నాను. ఎవరికీ వినబడలేదు. జనం అరుస్తూ వెనక్కి పోతున్నారు, ట్రేలు కింద పడుతున్నాయి, ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఇది పేలితే ముందు నేను పోతాను, నాతో ఈవిడ పోతుంది, నేల మీద చక్రం నన్ను చూస్తూ ఉండగానే పోతాం అనుకున్నాను. ఆ క్షణంలో నా భయం అది కాకపోవడం నాకే వింతగా ఉంది. నేను తనని చూసే ఆపాననుకుంటున్నాడేమో అన్నదే నా భయం.

పెద్దావిడ నా చేతి మీద కూర్చునే, చెవిలో చెప్పినట్టు అంది. "చెయ్యి వణుకుతోందమ్మా. నెమ్మది. ఏమీ కాదు."

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు ఆవిడ చేతిసంచి తెరిచి ఒక కార్డు తీసి అతని కళ్ళ ముందు పెట్టింది. "ఉత్తుత్తిదే. మిమ్మల్ని పరీక్షించడానికి పంపారు. వాకిట్లో బాత్‌రూమ్ దగ్గర ఆ అబ్బాయిని బయట నిలబెట్టి, నేనే కుషన్ కింద పెట్టుకున్నాను. ముందతన్ని లేపండి."

లేపారు. ఆవిడ కుర్చీలోంచి దిగి, చక్కగా రెండు కాళ్ళ మీద నిలబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ హాలంతా చూసింది.

"కుర్చీలో కూర్చున్నది నేను. సంచి నాది. వస్తువు నా కింద ఉంది" అంది. "నన్ను పేరైనా అడగలేదేం నాయనా ఎవరూ?"

*

హాలులో బలప్రయోగం జరిగింది కాబట్టి విచారణ అన్నారు. విచారణ అయ్యేదాకా చక్రం పాస్ తీసుకున్నారు. అతను ఇంట్లో కూర్చుని, వాచిన పెదవితో, నాన్నకి సూట్‌కేసుల జిప్పులు ఎక్కిస్తూ ఉన్నాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. ఉప్పు ఇవ్వు, లైటు ఆపు, అలాంటివి. నాన్న నన్ను పక్కకి పిలిచి "వాణ్ణి పంపించేస్తారంటావా?" అని అడిగాడు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని తల అడ్డంగా ఊపాను.

విచారణ గదిలో పెద్ద అధికారి ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు. సూపర్‌వైజర్, ఆ పెద్దావిడ ఒక పక్క. చక్రం గోడవారన కుర్చీలో. ఆ రోజు అతను నా దువ్వెనతో కాక చేత్తోనే తల సర్దుకుని వచ్చాడు.

అధికారి నవ్వుతూ మొదలుపెట్టాడు. "శభాష్ అమ్మా. ఇంత రద్దీలో కుర్చీని ఆపడం మాటలు కాదు. తోసేవాడు అవతలి దేశం వాడు కాబట్టి మీకు అనుమానం వచ్చింది. కొత్త పద్ధతి పనిచేస్తోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా సొంత భర్త! కట్టుకున్నవాడని చూడకుండా ఆపారు. మీకు మెచ్చుకోలు ఇప్పిస్తాను. ఊఁ అనండి చాలు, అలాగే రాస్తాం."

ఊఁ అంటే నాకు మెచ్చుకోలు. అతనికి అనుమానితుడన్న ముద్ర. ఆ ముద్ర పడ్డవాడి మెడలో పాస్ మళ్ళీ పడదు.

"కుషన్ ఎవరూ ఎత్తలేదు సార్. అందుకే ఆపాను" అన్నాను. "ఒక పక్క ఎత్తుగా కనబడింది. ఎవరి కుర్చీ అయినా ఆపేదాన్ని."

"అంటే మీ వారిని చూసి కాదా?"

"ఎవరి కుర్చీ అయినా ఆపేదాన్ని సార్."

"ఈ నెలలో ఇంకెవరి కుర్చీ అయినా ఆపారా?"

నీళ్ళు నమిలాను. అప్పుడు సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు.

"ఆమె ఉండేది రెండో వరస గదిలో సార్. మొదటి వరసలో కుషన్లు ఎత్తే మనుషుల్ని అక్కడికి మార్చింది నేనే. ఉన్న చేతులన్నీ ఒకచోట పెట్టాను, రెండోచోట చేతుల్లేకుండా పోయాయి. ఆ లోపం నాది, ఈ పిల్లది కాదు. ఆ కుర్రాడిది అసలే కాదు."

పెద్దావిడ అధికారి వైపు తిరిగింది. "నా రిపోర్టులో నేను రాసేదీ అదే. మీ కొత్త పద్ధతి నన్ను పట్టుకోలేదు. నాకు దారి ఇచ్చింది."

అధికారికి అది నచ్చలేదు. చాలాసేపు కలం తిప్పాడు. చివరికి ఏమీ మెచ్చుకోకుండా, ఏమీ తిట్టకుండా, చక్రం పాస్ బల్ల మీదికి తోశాడు. రెండో వరస మాత్రం సెలవులు అయ్యేదాకా ఉంటుంది, అది పైవాళ్ళ ఇష్టం అన్నాడు.

చక్రం పాస్ మెడలో వేసుకున్నాడు. నాకు గంతులెయ్యాలనిపించింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అది కూడా మా కోసమే ఖాళీ అయిందనిపించింది. అతని చెయ్యి పట్టుకున్నాను. అతను తియ్యలేదు, బిగించనూ లేదు.

నాన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పాస్ చూసి, చక్రం భుజం మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, "టీ పెడతాను అల్లుడూ" అని లోపలికి వెళ్ళిపోయాడు. మేం పైకి వచ్చాం. చక్రం మంచం అంచున కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా?"

"అడుగు."

"ఆ కుర్చీ వేరేవాడు తోస్తుంటే ఆపేదానివా?"

కింద నాన్న గిన్నెలు కదుపుతున్న చప్పుడు. అప్పటికే అధికారి ముందు రెండుసార్లు చెప్పిన మాట ఇంకోసారి చెబితే అయిపోయేది. చెప్పాలనే నోరు తెరిచాను.

"లేదు" అన్నాను.

అతను తల పైకెత్తాడు.

"వేరేవాళ్ళ కుర్చీలు నేను చూడనే లేదు. నీవే చూసేదాన్ని. ఎవడైనా ఏదన్నా పెడితే నిన్ను పట్టుకుంటారని... రోజూ, ప్రతి కుర్చీ... భయం వేసి చూసేదాన్ని. నీ మీద అనుమానంతో కాదు. ఒట్టు."

"తెలుసు" అన్నాడు చక్రం. చిట్లిన పెదవిని వేలితో తడుముకున్నాడు. "తెలుసుగానీ, కింద పడి ఉన్నప్పుడు తేడా తెలియలేదు. వాళ్ళూ నన్నే చూస్తున్నారు, నువ్వూ నన్నే చూస్తున్నావు."

నాకు ఏడుపు ఆగలేదు. అతను ఓదార్చలేదు, అలాగని పక్కకి జరగనూ లేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చున్నాడు. తరవాత అన్నాడు. "అక్కడ వాళ్ళతో ఎవరి కుర్చీ అయినా ఆపేదాన్నని చెప్పావు కదా."

"నిన్ను కాపాడ్డానికి..."

"మంచిదే. ఆ మాటతోనే నా పాస్ తిరిగొచ్చింది. రేపట్నుంచి దాన్ని నిజం చెయ్యి. నాదీ ఆపు. అందరివీ ఆపు. అప్పుడు నువ్వు నా కుర్చీ కింద చెయ్యి పెట్టినా నాకేమీ అనిపించదు."

*

మర్నాడు సూపర్‌వైజర్ నేనేమీ అడగకుండానే నన్ను మొదటి వరస చిన్న గేటు దగ్గర పెట్టాడు. రెండో వరస అలాగే ఉంది. అద్దాల గదిలో ఇంకెవరో అమ్మాయి. జనం నిన్నటికన్నా ఎక్కువ. గలగలక్క నన్ను చూసి, మొదటిసారిగా, ఏమీ మాట్లాడకుండా చిన్నగా జరిగి చోటిచ్చింది.

మొదటి కుర్చీ వచ్చింది. తోసేది మన దేశం కుర్రాడే, చక్రం స్నేహితుడు. కూర్చున్నది కాలికి కట్టు ఉన్న పెద్దమనిషి. ఖరీదైన కోటు, చేతిలో మన పాస్‌పోర్టు. గలగలక్క అలవాటుగా గేటు తియ్యబోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన. వెనక వరస అప్పుడే పొడుగవుతోంది, ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఆయన పాస్‌పోర్టు తెరిచి నా మొహం ముందు పెట్టాడు. "ముందిది చూశావా? నేనెవరో చూశావా? అటు వెళ్ళి వాళ్ళని చూసుకోండి!"

హాలు అవతల, రెండో వరసలో, చక్రం చేతులు బారజాపి నిలబడి ఉన్నాడు. నాకు భయంగానే ఉంది. ఈయన ఎవరికి ఫోన్ చేస్తాడో, పైవాళ్ళు ఎవర్ని పిలుస్తారో, రేపు ఈ గేటు దగ్గర నేనుంటానో లేదో తెలీదు. అరచేతులు రుద్దుకునే తీరిక లేదు.

"అది నాకక్కర్లేదండీ" అన్నాను. "కాస్త ముందుకి వంగండి."